ప్రీమియర్ నుంచి డావిన్సీ రిజాల్వ్‌కి మారాలనుకుంటే ఆషాఢంలో మొదలెట్టండి

భీమవరం, పాలకొల్లు, తణుకు, అమలాపురం, రాజోలు, మనవైపు పెళ్లి వీడియోలు ఎడిట్ చేసేవాళ్లు చాలామంది అడుగుతున్నది ఒకటే, నెలనెలా డబ్బులు కట్టే అడోబీ వాళ్ల ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ప్రీమియర్ వదిలేసి, బ్లాక్‌మ్యాజిక్ వాళ్ల డావిన్సీ రిజాల్వ్‌కి వెళ్లిపోవచ్చా అని. వెళ్లొచ్చండి, నిక్షేపంగా వెళ్లొచ్చు. కాకపోతే ఎప్పుడు వెళ్తున్నాం అన్నది చూస్కోవాలి. వైశాఖంలో వరసపెట్టి ముహూర్తాలుండి, టేబుల్ మీద హార్డ్ డిస్కులు పేరుకుపోయి, పెళ్లికూతురు నాన్నగారు ఫోన్ చేసి "బాబూ, వీడియో ఎప్పుడిస్తారండీ" అంటున్న టైమ్‌లో మాత్రం సాఫ్ట్‌వేర్ జోలికి పోవద్దు. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు కదా, అప్పుడు కూర్చుంటే శ్రావణం ముహూర్తాలు వచ్చేసరికి చెయ్యి తిరుగుతుంది.

ఇంకో మాట ముందే చెప్పేస్తాను. ప్రీమియర్‌లో సగం చేసిన పనులు ప్రీమియర్‌లోనే పూర్తి చేసి ఇచ్చేయండి. వాటిని ఇటు లాక్కురావడానికి పట్టే టైమ్‌లో ఆ పని అయిపోతుంది. నేర్చుకోడానికి ఆల్రెడీ డెలివరీ ఇచ్చేసిన పెళ్లి ఒకటి తీస్కోండి, దాన్నే రిజాల్వ్‌లో మొదటి క్లిప్ నుంచి పెన్‌డ్రైవ్ దాకా మళ్లీ కట్ చేయండి. ఏ షాట్ ఎక్కడుందో మీకు తెలుసు, పార్టీ గొడవ ఉండదు, బుర్రంతా సాఫ్ట్‌వేర్ మీదే పెట్టొచ్చు. వంద ట్యుటోరియల్స్ చూసినదానికన్నా ఇదే ఎక్కువ నేర్పుతుంది, నేను గట్టిగా నమ్మేది ఇదే. బ్లాక్‌మ్యాజిక్ వాళ్ల వెబ్‌సైట్‌లో ట్రైనింగ్ పుస్తకాలు, ప్రాక్టీస్ ఫుటేజ్ ఫ్రీగానే ఉంటాయి, ఎక్కడైనా ఆగిపోతే అవి చూస్కోండి.

ఫ్రీ వెర్షన్ చాలా పనికి సరిపోతుంది, అల్ట్రా హెచ్‌డీ 60 ఫ్రేమ్స్ దాకా ఎక్స్‌పోర్ట్ అవుతుంది, వాటర్‌మార్క్ రాదు (డబ్బులు కట్టి కొనే స్టూడియో వెర్షన్‌కి మాత్రమే ఉన్న ఎఫెక్ట్ ఏదైనా వేస్తే తప్ప). స్టూడియో ధర 295 డాలర్లు, ఒక్కసారి కడితే చాలు. మనకి స్టూడియో ఎక్కడ అవసరం పడుతుందంటే, మనవి ఎక్కువ రాత్రి ముహూర్తాలు కదా, ఊరేగింపులో చీకట్లో ఐఎస్‌వో (కెమెరా వెలుతురు పట్టే సెట్టింగ్) పెంచి తీసిన షాట్లలో చుక్కచుక్కలుగా గ్రెయిన్ వచ్చేస్తుంది, దాన్ని తగ్గించే నాయిస్ రిడక్షన్ ఫ్రీలో లేదు. అలాగే 10 బిట్ 4:2:2లో (రంగుల వివరం ఎక్కువ ఉండే పద్ధతిలో) తీసిన ఫుటేజ్ విండోస్ ఫ్రీ వెర్షన్‌లో తేడా చెయ్యొచ్చు, సౌండ్ వచ్చి బొమ్మ రాకపోవచ్చు. అందుకే డబ్బులు కట్టకముందే మీ కెమెరామెన్ ఇచ్చే ఫైల్ ఒకటి, మీ సొంత కంప్యూటర్‌లో ఫ్రీ వెర్షన్‌లో వేసి చూడండి. రిజాల్వ్ బరువంతా గ్రాఫిక్స్ కార్డ్ మీద పడుతుంది కాబట్టి ర్యామ్ 16 జీబీ ఉన్నా కార్డ్ పాతదైతే 4కె లాగలేదు, అలాంటప్పుడు ప్రాక్సీలు (ఎడిటింగ్ కోసం వాడే తేలికపాటి కాపీలు) చేస్కుని ఎడిట్ చేయడమే దారి.

ఇన్‌స్టాల్ చేసి తెరవగానే ఫుటేజ్ లాగి పడేయకండి. ముందు ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి టైమ్‌లైన్ ఫ్రేమ్ రేట్ (సెకనుకి ఎన్ని ఫ్రేములు అన్నది) చూడండి, మామూలుగా అక్కడ 24 ఉంటుంది, మనం తీసేది 25 లేదా 50. ఒకసారి ఫుటేజ్ లోపలికి వచ్చాక ఆ నంబర్ మార్చనివ్వదు. మొదటి క్లిప్ వేసేటప్పుడు ఫ్రేమ్ రేట్ మార్చమంటావా అని బాక్స్ వస్తుంది, చదవకుండా నొక్కేయొద్దు. చుట్టాలు ఫోన్లలో తీసి పంపిన వీడియోలు ఉంటాయి చూశారా, వాటిలో ఫ్రేమ్ రేట్ నిలకడగా ఉండదు, పోనుపోను పెదాలకీ మాటకీ పొంతన పోతుంది, వాటిని హ్యాండ్‌బ్రేక్ లాంటి వీడియో కన్వర్టర్‌లో కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేట్‌కి మార్చుకుని అప్పుడు వేస్కోండి.

షార్ట్‌కట్స్ గురించి భయం అక్కర్లేదు, కీబోర్డ్ కస్టమైజేషన్‌లో ప్రీమియర్ ప్రో అని రెడీగా ఉంటుంది, అది పెట్టేస్తే వేళ్లకి అలవాటైనవి చాలావరకు అలాగే పనిచేస్తాయి. ఎడియస్ అనే ఇంకో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ నుంచి వచ్చేవాళ్లకి మాత్రం రెడీమేడ్‌గా లేదు, రోజూ వాడే నాలుగైదు కీలు మీరే పెట్టుకోవాలి.

ఇప్పుడు అసలు తేడా. ప్రీమియర్‌లో ప్రాజెక్ట్ అంటే ఒక ఫైల్, ఫోల్డర్‌లో కళ్లకి కనిపిస్తుంది, కాపీ చేస్కుంటాం. రిజాల్వ్‌లో ప్రాజెక్ట్ లైబ్రరీ అని ఒక డేటాబేస్ లోపల ఉంటుంది, మీరు వేరే చోట పెట్టకపోతే సి డ్రైవ్‌లోనే. ఎవరైనా విండోస్ కొత్తగా వేస్తే ఫుటేజ్ డి డ్రైవ్‌లో భద్రంగా ఉంటుంది గానీ ఎడిట్ మొత్తం పోతుంది. కాబట్టి రోజూ పని ఆపేముందు ప్రాజెక్ట్‌ని డిఆర్‌పి ఫైల్‌గా ఎక్స్‌పోర్ట్ చేసి, ఆ పెళ్లి ఫుటేజ్ ఉన్న డిస్క్‌లోనే పెట్టేయండి. దాంట్లో ఎడిట్ మాత్రమే ఉంటుంది, ఫుటేజ్ ఉండదు, అందుకే చిన్న ఫైల్, క్షణంలో అయిపోతుంది. ప్రిఫరెన్సెస్‌లో యూజర్ ట్యాబ్ కింద లైవ్ సేవ్, ప్రాజెక్ట్ బ్యాకప్స్ రెండూ ఆన్‌లో ఉన్నాయో లేదో చూస్కోండి. తుఫాను రోజుల్లో మనవైపు కరెంటు సంగతి తెలిసిందే కదండీ, యూపీఎస్ ఉన్నా సరే ఇవి ఉండాల్సిందే.

పాత టైమ్‌లైన్ తప్పనిసరిగా తేవాల్సి వస్తే (హైలైట్స్ ఒక్కటే కలర్ చేయడానికి, అలాంటి వాటికి) ప్రీమియర్‌లో సీక్వెన్స్‌కి డూప్లికేట్ తీసి, మల్టీక్యామ్‌ని (చాలా కెమెరాలు కలిపిన క్లిప్‌ని) ఫ్లాటెన్ చేసి, అంటే వాడిన కెమెరా షాట్లు మాత్రమే మిగిల్చి, నెస్ట్‌లు (సీక్వెన్స్ లోపల పెట్టిన సీక్వెన్స్‌లు) విప్పేసి, ఫైనల్ కట్ ప్రో ఎక్స్‌ఎమ్‌ఎల్‌గా ఎక్స్‌పోర్ట్ చేయండి. రిజాల్వ్‌లో ఇంపోర్ట్ టైమ్‌లైన్ అని తీస్కోవాలి. కట్‌లు, డిజాల్వ్‌లు వచ్చేస్తాయి. ప్రీమియర్‌లో లూమెట్రీతో చేసిన కలర్ రాదు, టైటిల్స్ రావు, బయట కొన్న ప్లగిన్లు రావు, స్పీడ్ ర్యాంప్‌లు ఒక్కోటీ చెక్ చేస్కోవాలి. ప్రీమియర్ నుంచి అదే సీక్వెన్స్‌ని మామూలు వీడియోగా కూడా ఒకటి రెండర్ చేసి తెచ్చుకుని పైన ఇంకో ట్రాక్‌లో పెట్టి ఒపాసిటీ సగం చేసి ఆడించండి, ఎక్కడ షాట్ జరిగిందో ఇట్టే దొరుకుతుంది.

మల్టీక్యామ్‌కి బిన్‌లో (క్లిప్స్ ఉంచే ఫోల్డర్‌లో) క్లిప్స్ సెలెక్ట్ చేసి రైట్ క్లిక్ కొడితే మల్టీక్యామ్ క్లిప్ చేసే ఆప్షన్ ఉంటుంది, సింక్ దగ్గర సౌండ్ అని పెట్టండి. సన్నాయి, డోలు అన్ని కెమెరాల్లోనూ గట్టిగా పడతాయి కాబట్టి మన పెళ్లిళ్లు సౌండ్‌తో బాగానే కలుస్తాయి.

కలర్ పేజీ కోసమే మారినా నష్టం లేదంటాను. ప్రీవెడ్డింగ్ షూట్ కోనసీమలో కొబ్బరితోటల మధ్యో వరిచేల గట్ల మీదో పెడతారు కదా, ఆ పచ్చదనం మొహాల మీదకి కూడా కొట్టి మనుషులు పచ్చగా కనిపిస్తారు. మొత్తం బొమ్మ మీద కలర్ లాగితే చేను చచ్చిపోతుంది. ఒక నోడ్‌లో (రంగు దిద్దే ఒక్కో దశని నోడ్ అంటారు) ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ సరిచేసి, రెండో నోడ్‌లో క్వాలిఫయర్‌తో (ఒక రంగుని ఏరి పట్టుకునే టూల్) మొహం రంగు పట్టుకుని, చుట్టూ పవర్ విండో (ఆ భాగం వరకే పనిచేసేలా గీసే గీత) వేసి ట్రాక్ చేసి, ఆ ఒక్కదాంట్లోనే ఆకుపచ్చ తగ్గించండి. చేను చేనులాగే ఉంటుంది, పిల్ల మొహం కళకళలాడుతుంది. మంగళస్నానం షాట్లలో పసుపు మరీ కొట్టొచ్చినట్టుంటే దానికీ ఇదే పద్ధతి.

తెలుగు టైటిల్స్ దగ్గర ఓపిక పట్టాలి. శుభలేఖ మొత్తం టైప్ చేసేముందు "శ్రీరస్తు" అని ఒక్క ముక్క కొట్టి, ఒత్తులు కుదురుగా వచ్చాయో విడిపోయాయో చూడండి. తేడాగా ఉంటే ఫోటోషాప్‌లో బ్యాక్‌గ్రౌండ్ లేకుండా పీఎన్‌జీ చేసి పైన వేస్కోండి. అను ఫాంట్లతో (యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లు) పాత టెంప్లేట్లు ఉన్నవాళ్లకి కూడా ఇదే సుఖం.

చివర్లో డెలివర్ పేజీ. ఇక్కడ సెట్టింగ్స్ పెట్టేస్తే రెండర్ మొదలవ్వదు, యాడ్ టు రెండర్ క్యూ నొక్కాలి, తర్వాత కుడివైపు రెండర్ ఆల్ కొట్టాలి. పెన్‌డ్రైవ్‌లో ఇచ్చేదైతే ఎంపీ4, హెచ్.264, ఆడియో ఏఏసీ పెట్టండి. పార్టీకి ఇచ్చేముందు ఆ పెన్‌డ్రైవ్‌ని ఇంట్లో టీవీకి పెట్టి, మొదట్లో కొంచెం, జీలకర్రా బెల్లం దగ్గర కొంచెం, అప్పగింతల దగ్గర కొంచెం ఆడించి చూడండి.