లేత్ మీద షాఫ్ట్‌ను సైజుకు చెక్కడం, చేతులు భద్రంగా ఉంచుకోవడం ఎలా?

చిత్తూరు జిల్లాలో చెరకు గానుగలూ, బోరు మోటార్లూ, మామిడి గుజ్జు ఫ్యాక్టరీల యంత్రాలూ సీజనులో ఆగకుండా తిరుగుతున్నాయంటే, ఊరి చివర రేకుల షెడ్డులో లేత్ (లోహపు రాడ్‌ను తిప్పుతూ పదునైన టూల్‌తో చెక్కే యంత్రం) నడిపే టర్నర్ల పనితనమే అందుకు పెద్ద ఆధారం. ఇలాంటి షాపుల్లో తరచుగా ఇద్దరు ముగ్గురే ఉంటారు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం కరెంటుతో నడిచే చోట కనీసం 10 మంది పనిచేస్తేనే దాన్ని ఫ్యాక్టరీగా లెక్కించింది కనుక, ఇక్కడ భద్రతకు మేస్త్రీయే బాధ్యుడు. గానుగ రోలర్‌కు 6208 నంబరు బేరింగ్ కూర్చునేలా 45 మిల్లీమీటర్ల మందం మైల్డ్ స్టీల్ (మెత్తని ఉక్కు) రాడ్‌ను షాఫ్ట్‌గా, అంటే తిరిగే ఇరుసుగా, చెక్కే పనిని వరుసగా చూద్దాం.

మొదట ఒంటి మీద ఉన్నవి సరిచూసుకోవాలి. లుంగీ, కండువా, వదులు చొక్కా, ఉంగరం, చేతి గడియారం ఏవీ ఉండకూడదు. గుడిలో కట్టించుకున్న దారమైనా సరే, పని గంటల్లో విప్పి దేవుడి పటం దగ్గర పెట్టుకోవడమే మంచిది. తిరిగే జాబ్‌కు (లేత్‌లో బిగించిన రాడ్‌కు) దారం చుట్టుకుంటే తెగేలోపే చేతిని లాగేస్తుంది. గ్లౌజులు రాడ్‌ను ఎత్తడానికి పనికొస్తాయి కానీ, లేత్ తిరుగుతున్నప్పుడు అవే ప్రమాదం. కళ్లద్దాలు మాత్రం చివరి వరకూ ఉండాలి.

తరువాత రాడ్‌ను చక్‌లో, అంటే దాన్ని దవడలతో పట్టి తిప్పే భాగంలో, బిగించాలి. దవడలను బిగించే చక్ కీని చక్‌లోంచి తీసిన తరువాతే దాని మీది నుంచి చెయ్యి తీయాలి. కీని మరచిపోయి స్విచ్ వేస్తే అది ఎవరి ముఖం మీదికి ఎగురుతుందో చెప్పలేము. చక్ బయట రాడ్ పొడవు దాని మందానికి మూడింతలు దాటితే చక్‌కు ఎదురు కొసన ఉండే టెయిల్‌స్టాక్ సెంటర్ (మొనదేలిన ఆధారం)తో ఆనించాలి. వెనుకవైపు హెడ్‌స్టాక్ (చక్‌ను తిప్పే గేర్ల పెట్టె) దాటి పొడుచుకొచ్చిన భాగాన్ని చాలామంది పట్టించుకోరు. ఆసరా లేని ఆ కొస వేగానికి వంగి, దారిన పోయేవారిని కొట్టగలదు. బిగించాక గేరును న్యూట్రల్‌లో ఉంచి, చక్‌ను చేత్తో ఒక చుట్టు తిప్పి, దవడలు ఎక్కడా తగలడం లేదని చూడాలి.

టూల్ సానబట్టేటప్పుడు గ్రైండర్ రాయికీ, టూల్ ఆనించే రెస్ట్‌కూ మధ్య సందు 3 మిల్లీమీటర్లు మించకూడదు. సందు పెరిగితే టూల్ అందులో ఇరుక్కుని రాయి పగలవచ్చు. స్విచ్ వేసిన తొలి క్షణాల్లో రాయికి ఎదురుగా కాక, పక్కకు నిలబడాలి.

ఇక వేగం. మైల్డ్ స్టీల్‌ను హెచ్.ఎస్.ఎస్. (హై స్పీడ్ స్టీల్) టూల్‌తో నిమిషానికి సుమారు 30 మీటర్ల వేగంతో కోయవచ్చు. 30ని 1000తో గుణించి, రాడ్ చుట్టుకొలతతో, అంటే 3.14ను 45తో గుణించగా వచ్చిన దానితో భాగిస్తే, నిమిషానికి 212 చుట్లు వస్తాయి. గేరుబాక్సులో దానికి దగ్గరగా, అంతకు తక్కువగా ఉన్న వేగాన్ని తీసుకోవాలి. టూల్ మొన సరిగ్గా సెంటర్ ఎత్తులో, అంటే రాడ్ నడిమధ్య ఎత్తులో, ఉండాలి. పొడవాటి ఉక్కు చుట్టలు వస్తున్నాయంటే ఫీడ్ (ఒక్కో చుట్టుకు టూల్ ముందుకు జరిగే దూరం) కొంచెం పెంచాలి, లేదా టూల్ పైముఖానికి చుట్టను విరిచే గాడి పెట్టాలి. ఆ చుట్ట అంచు బ్లేడులా కోస్తుంది కనుక, లేత్ ఆపి కొక్కెంతో లాగాలే తప్ప చేత్తో ముట్టుకోకూడదు.

అసలు పనితనం బయటపడేది కొలతలో. ఈ బేరింగ్ లోపలి కొలత 40 మిల్లీమీటర్లు. బిగువుగా కూర్చోవాలంటే షాఫ్ట్ 40.002 నుంచి 40.018 మధ్య రావాలి. అయితే 40 మిల్లీమీటర్ల ఉక్కు 30 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 0.014 మిల్లీమీటర్లు ఉబ్బుతుంది. అంటే కోత వేడిలో మైక్రోమీటర్ (సన్న కొలతలు తీసే పరికరం) చూపిన సరైన సైజు, చల్లారాక సరైనది కాకపోవచ్చు. బేరింగ్ వదులై నెలలోనే షాఫ్ట్‌ను అరగదీస్తుంది. కనుక లేత్‌ను పూర్తిగా ఆపి, జాబ్ చల్లారాక, రజను తుడిచి కొలవాలి. తిరిగే జాబ్ మీద మైక్రోమీటర్ పెట్టేవారిని నేర్పరులని మెచ్చుకోవడం నాకు నచ్చదు, ఎందుకంటే అక్కడ చేతికీ ప్రమాదమే, సైజుకూ నమ్మకం లేదు.

నునుపు కోసం ఎమెరీ గుడ్డ (గరుకు రజను అంటించిన పట్టీ) పట్టేటప్పుడు దాన్ని వేళ్లకు గానీ, జాబ్ చుట్టూ గానీ చుట్టకూడదు. రెండు కొసలనూ రెండు చేతులతో విడిగా పట్టుకోవాలి. ఆకురాయికి పిడి తప్పనిసరిగా ఉండాలి.

పని మధ్యలో కరెంటు పోతే టూల్‌ను వెనక్కి తీసి, లివరును న్యూట్రల్‌కు తెచ్చి, మెయిన్ స్విచ్ ఆపిన తరువాతే బయటికి వెళ్లాలి. పాత షాపుల్లో నేరుగా స్విచ్‌తో నడిచే లేత్‌లు కరెంటు రాగానే వాటంతటవే తిరగడం మొదలుపెడతాయి. కరెంటు పోగానే విడిపోయి, తిరిగి బటన్ నొక్కితే తప్ప నడవని స్టార్టర్‌ను అలాంటి లేత్‌కు వెంటనే పెట్టించుకోవాలి.