కరిగే మంచుతో కణాల ప్రవర్తన గమనించడం ఎలా?

250 మిల్లీలీటర్ల బీకరులో 100 గ్రాముల మంచు తీసుకోండి. మంచును పొడి కొట్టాలి. పెద్ద ముక్కలైతే థర్మామీటరు బల్బు చుట్టూ ఖాళీలు మిగిలి రీడింగు తేడా వస్తుంది. బల్బు బీకరు అడుగుకి తగలకుండా థర్మామీటరును స్టాండుకి బిగించి, సన్నటి మంట మీద వేడి చేస్తూ ప్రతి 30 సెకన్లకూ రీడింగు రాసుకోండి. గాజు కడ్డీతో ఆపకుండా కలపండి. మంటను మాత్రం మధ్యలో పెంచడం, తగ్గించడం చేయొద్దు. అలా చేస్తే కాలాలను పోల్చలేరు.

మంచు కరుగుతున్నంతసేపూ రీడింగు 0 డిగ్రీల దగ్గరే ఉండాలి. ఇంకా ముక్కలుండగానే 3, 4 డిగ్రీలు చూపిస్తే సరిగా కలపలేదన్నమాట: అడుగున నీళ్లు వేడెక్కాయి, మంచు పైన తేలుతోంది.

మంట ఆగలేదు కదా, మరి ఆ వేడంతా ఏమైంది? ఉష్ణోగ్రత కణాల సగటు గతిజ శక్తికి, అంటే కదలిక వల్ల వాటికుండే శక్తికి, కొలత. మంచులో కణాలు ఉన్నచోటే కంపిస్తుంటాయి. కరిగేటప్పుడు అందే వేడి వాటి వేగం పెంచదు, వాటిని కదలనివ్వకుండా పట్టి ఉంచిన అమరికను విడదీయడానికి ఖర్చవుతుంది. గ్రాముకి 334 జౌళ్ల (జౌల్ అంటే శక్తికి కొలమానం) చొప్పున 100 గ్రాములకు 33,400. అవే నీళ్లను 0 నుంచి 100 డిగ్రీలకు తేవడానికి సుమారు 41,800 జౌళ్లు కావాలి. అంటే కరగడానికి 8 నిమిషాలు పడితే, మరగడానికి లెక్క ప్రకారం ఇంకో 10. నిజానికి ఎక్కువే పడుతుంది, ఎందుకంటే వేడెక్కిన నీళ్లు గదిలోకి వేడిని వదిలేస్తుంటాయి.

రాసుకున్న రీడింగులతో కాలానికి ఉష్ణోగ్రత గ్రాఫు గీస్తే, కరిగేటప్పటిలాగే మరిగేటప్పుడూ గీత అడ్డంగా సాగుతుంది. ఇప్పుడు కణాలు పూర్తిగా విడిపోవాలి కాబట్టి గ్రాముకి దాదాపు 2,260 జౌళ్లు కావాలి. అన్నీ ఆవిరయ్యేదాకా ఉంచకండి, ఎండిన బీకరు పగలొచ్చు. ఐదు నిమిషాల రీడింగులు చాలు. ఎత్తైన ప్రాంతాల్లో వాతావరణ పీడనం తక్కువ, అక్కడ 100కి ముందే మరుగుతాయి. దాన్ని తప్పుగా కొట్టేయొద్దు.

చివరగా కణాల బొమ్మ. ద్రవానికి కణాలను దూరదూరంగా గీయడం చాలామంది చేసే పొరపాటు. అవి దాదాపు ఆనుకునే ఉంటాయి, వరుస మాత్రం ఉండదు. వాయువులోనే అసలు దూరం: నీరు ఆవిరైతే సుమారు 1,600 రెట్లు చోటు ఆక్రమిస్తుంది. అలాగని కణాన్ని పెద్దది చేసి గీయకండి, పెరిగేది మధ్య ఖాళీయే. నీటికి ఒక మినహాయింపుంది: మంచులో కణాల మధ్య ఖాళీ నీటిలో కంటే కాస్త ఎక్కువ, మంచు తేలేది అందుకే.