ఇంటి గచ్చు మన చేతులతో – 3వ పాఠం: మొదటి టైలు ఎక్కడ?

మొదటి రెండు పాఠాల్లో గచ్చు సిద్ధమైంది. గుల్లగా మోగిన చోటల్లా కొట్టేసి మాలు నింపారు, ఆరడుగుల అల్యూమినియం పట్టీ ఆనించి ఎత్తుపల్లాలు చూసుకున్నారు. ఈ వారం అతికించేది నాలుగంటే నాలుగే టైల్స్, అదీ సాయంత్రానికి. పొద్దంతా టేపు, దారం, సుద్దముక్కతోనే పని.

ఇంత నిదానం ఎందుకో చెప్తాను. హన్మకొండలో మా పాత ఇంట్లో మొట్టమొదటి అర్రకు నేను మూల నుంచి మొదలుపెట్టాను. మూల కంటికి తిన్నగానే కనిపించింది. గోడకు ఆనించి వరుస తర్వాత వరుస వేసుకుంటూ మధ్యాహ్నానికి దర్వాజ దగ్గరికి వచ్చేసరికి, ఒక కొసకు బెత్తెడు జాగా మిగిలింది, ఇంకో కొసకు వేలెడే. గోడే వంకర. పక్కింటి మేస్త్రి వచ్చి చూసి, నవ్వు ఆపుకుని, "గోడకు కాదు సారూ, దారానికి పట్టాలె" అన్నాడు. ఆ దర్వాజ కడప (గడప) దగ్గర మేము ఇప్పటికీ ఓ పెద్ద పట్టా పరిచే ఉంచుతాం.

కాబట్టి ముందు గోడలను అనుమానించండి. అర్ర వెడల్పును ఈ కొసకోసారి, ఆ కొసకోసారి, మధ్యలో ఇంకోసారి కొలవండి. మూడు కొలతలూ ఒకటే వచ్చిన ఇల్లు నాకింతవరకు తగల్లేదు. పాతిక మిల్లీమీటర్ల తేడా ఉన్నా భయపడక్కర్లేదు, అది గోడ వెంట కోసి వేసే ముక్కల్లో కలిసిపోతుంది.

ఎదురెదురు గోడల నడిమధ్యలను కలుపుతూ పొడవున ఒక దారం పట్టి, దానికి సుద్ద రాసి, లాగి వదలండి. నేల మీద గీత పడుతుంది. అడ్డం గీత మాత్రం అలా నడిమధ్యలు కలిపి వేయొద్దు, గోడల వంకర దానికీ అంటుకుంటుంది. దానికి 3-4-5 లెక్క వాడాలి. పొడవు గీత నడుమ ఒక గుర్తు పెట్టి, అక్కడి నుంచి గీత మీదే 4 అడుగులు కొలిచి చుక్క పెట్టండి. అదే గుర్తు నుంచి పక్కకు 3 అడుగులు కొలవండి. రెండు చుక్కల మధ్య ఏటవాలు దూరం సరిగ్గా 5 అడుగులు వచ్చేదాకా పక్క చుక్కను జరపండి. వచ్చిందంటే అక్కడ మూల మట్టం కుదిరినట్టే. దుకాణంలో దొరికే గునియా, అదే మూల చూసే L ఆకారపు పట్టీ, చాలదా అంటారేమో. దాని చేతులు చిన్నవి. దాని దగ్గర కంటికి ఆనని తేడా పన్నెండడుగులు సాగేసరికి వేలెడంత అవుతుంది.

ఇక అసలు లెక్క. మనం తీసుకున్న అర్ర 10 అడుగులు, 12 అడుగులు, అంటే 3050, 3660 మిల్లీమీటర్లు. టైలు 400 మిల్లీమీటర్లది, అందరూ పదహారు అంగుళాలదనేది. జాయింటుకు, అంటే రెండు టైల్స్ మధ్య సందుకు, 3 మిల్లీమీటర్ల స్పేసరు (సందు సమంగా ఉంచే చిన్న ముక్క), గోడ వెంట 6 మిల్లీమీటర్ల ఖాళీ. ఎండకు నేల సాగితే టైల్స్ గోడకు ఒత్తుకుని పైకి లేవకుండా ఆ ఖాళీ. గోడ అడుగున వేసే పట్టీ, అదే స్కర్టింగ్, కింద అది కనిపించదు.

వెడల్పులో 7 నిండు టైల్స్ పడతాయి. జాయింట్లతో కలిపి 2824 పోతుంది, మిగిలిన 226ను రెండు పక్కలకూ పంచి గోడ ఖాళీ తీసేస్తే ఒక్కో ముక్క 107 మిల్లీమీటర్లు. నాలుగంగుళాల పేలిక. చూపుకు బాగుండదు, కోసేటప్పుడు విరుగుతుంది కూడా. ఒక నిండు టైలు తగ్గించి 6 వేసి చూడండి: 2421 పోతుంది, 629 మిగులుతుంది, పక్క ముక్కలు 308 చొప్పున వస్తాయి. ఇది మేలు. గోడ పక్క ముక్క సగం టైలుకు తగ్గకూడదన్నది నేను పాటించే లెక్క.

పొడవులో ఇంకా తమాషా. 9 నిండు టైల్స్ వేస్తే చివర మిగిలేది రెండు పక్కలా 15 మిల్లీమీటర్లే, గోడ ఖాళీ తీస్తే 9. అంత ముక్కను ఎవరూ కోయలేరు. 8 వేస్తే 210 చొప్పున, సగానికి కొంచెం పైన వస్తాయి. దర్వాజ దగ్గర నిండు టైలు ఉండాలని అందరికీ ఆశే. ఇక్కడ ఆ ఆశ పెట్టుకుంటే అవతలి గోడకు 21 మిల్లీమీటర్ల చీలిక మిగులుతుంది. అవతల బీరువా పెట్టేదున్నా నేనైతే ఒప్పుకోను, బీరువా ఎల్లకాలం అక్కడే ఉండదు.

రెండు వైపులా నిండు టైల్స్ సరిసంఖ్యలో వచ్చాయి కనుక మన గీతలు రెండూ జాయింట్ల మీదే పడతాయి. గీతలు కలిసిన చోట నాలుగు టైల్స్ మూలలు కలుస్తాయి. బేసి సంఖ్య వచ్చి ఉంటే గీత టైలు నడుమ నుంచి పోయేది.

ఇప్పుడు పోయిన పాఠంలో నేను చేసిన తప్పు ఒప్పుకోవాలి. చదరపు లెక్కన 70 టైల్స్, పదో వంతు కలిపి 77 చాలన్నాను. ఈ గీతల ప్రకారం ఒక్కో వరుసకు 8, మొత్తం 10 వరుసలు, అంటే 80 కావాలి. 308 కోయగా మిగిలిన తొంభై చిల్లర ఎక్కడా పనికిరాదు, 210 కోయగా మిగిలిన 190 కూడా చాలదు. విరిగేవి కూడా చూసుకుని 85 ఉంచుకోండి. తక్కువపడ్డవి ఇప్పుడే, పెట్టె మీది బ్యాచ్ నంబరు, షేడ్ చూపించి తెచ్చుకోండి. మన దుకాణాల్లోని సరుకు చాలావరకు గుజరాత్‌లోని మోర్బీ నుంచి వచ్చేదే, నెల దాటితే అదే షేడ్ మళ్లీ దొరుకుతుందన్న నమ్మకం లేదు.

గీతల వెంట స్పేసర్లు పెడుతూ ఒక నిలువు వరుస, ఒక అడ్డ వరుస ఉత్తగానే పరిచి, దర్వాజలో నిలబడి చూడండి. తలుపు రెక్క వేసి చూడటం మరవొద్దు. టైలు, దాన్ని అతికించే గమ్ము కలిసి అరంగుళం పైనే లేస్తుంది. షాబాదు బండల మీదే వేసుకుంటున్న వాళ్లకు ఇది ఇంకా ముఖ్యం, బండలు తీయలేదు కనుక ఆ ఎత్తంతా కడప మీదికే వస్తుంది. రెక్క అడుగు కోయించాల్సి వస్తే వడ్రంగిని ఈ వారమే పిలవండి.

ఇంట్లో పెద్దవాళ్లు ఈశాన్యం మూల నుంచే మొదలుపెట్టాలంటే వాదించొద్దు. అక్కడ ఒక టైలుకు పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఆ టైలును తీసుకొచ్చి నడుమ వేయండి.

సాయంత్రం ఎండ తగ్గాక గమ్ము కలపండి. ముందు బకెట్లో నీళ్లు, తర్వాత పొడి, కొలత బస్తా మీద రాసిందే. ముద్దలు లేకుండా కలిపి, పది నిమిషాలు వదిలేసి మళ్లీ కలపండి. గట్టిపడుతోందని తర్వాత నీళ్లు పోయొద్దు, పట్టు పోతుంది. టైల్స్‌ను నీళ్లలో నానబెట్టొద్దు. సిమెంటు మాలు మీద వేసే మేస్త్రీలు నానబెడతారు, అది ఆ పద్ధతికి సరి. గమ్ముకు పొడి టైలే కావాలి, వెనకవైపు దుమ్ము తడిగుడ్డతో తుడిచి ఆరనిస్తే చాలు.

గీతల కూడలిలో ఒక మూలకు, ఒక టైలుకు సరిపడా గమ్ము పూసి, పది మిల్లీమీటర్ల దంతాల తాపీతో ఒకే దిక్కుకు దువ్వండి. గుండ్రంగా తిప్పితే కింద గాలి చిక్కుతుంది. టైలును గీతకు ఆనించి పెట్టి, గాట్లకు అడ్డంగా కొద్దిగా ముందుకూ వెనక్కూ జరుపుతూ నొక్కండి. రబ్బరు సుత్తెతో మెల్లగా తట్టండి. ఇప్పుడు మీ చెయ్యి ఒప్పుకోకపోయినా ఆ టైలును ఎత్తండి. వెనక అంతటా గమ్ము అంటుకుని ఉంటే మీ చేతివాటం కుదిరింది. చారలు చారలుగా ఖాళీలు కనిపిస్తే గమ్ము చాలలేదు. టైలు వెనక కూడా పల్చగా పూసి మళ్లీ పెట్టండి.

మిగతా మూడూ అలాగే. మన ఎండాకాలంలో, ఫ్యాను కింద అయితే మరీ, దువ్విన గమ్ము మీద త్వరగా పొర కడుతుంది. వేలు పెడితే అంటుకోకపోతే ఆ గమ్మును గీకి పారేయండి, దాని మీద టైలు వేయొద్దు. నాలుగింటి మీదా రసమట్టం పెట్టి అటూ ఇటూ చూసి, జాయింట్లలోకి పొంగిన గమ్మును పుల్లతో తీసేసి, ఆ పూటకు తలుపు వేసేయండి. ఒక రోజంతా ఎవరూ తొక్కకూడదు, పిల్లలకూ పిల్లికీ చెప్పి ఉంచండి.

వచ్చే వారం ఆ నాలుగింటినీ నాణెంతో తట్టి చూసి, వాటి చుట్టూ నిండు టైల్స్ పూర్తి చేద్దాం. 308, 210 ముక్కలు కోయడం ఆ తర్వాత. ఈలోగా విరిగిన టైలు ముక్కలు రెండు మూడు దుకాణంలో అడిగి తెచ్చుకోండి, కట్టరు అలవాటయ్యేదాకా వాటి మీదే కోద్దాం.