వానలకు ముందే: అడయారు, కూవం నీళ్లు పట్టే వాలంటీర్లకు కొన్ని జాగ్రత్తలు

చెన్నైలో అడయారు, కూవం నదుల నీళ్లు పరీక్షించే మనలాంటి వాలంటీర్లకు ఏటా ఒకటే చిక్కు. అక్టోబరులో ఈశాన్య రుతుపవనాల తొలి వానలకు వచ్చే నీళ్లు చెప్పినంత సంగతి మిగతా ఏడాదంతా కలిపినా చెప్పదు. ఎండాకాలం పొడుగునా కాలవల్లో పేరుకున్న మురుగు, బురద, రోడ్ల మీది నూనె అన్నీ ఒక్కసారిగా నదిలోకి కొట్టుకొస్తాయి. ఆ మురుగును కుళ్లబెట్టే సూక్ష్మజీవులు నీళ్లలోని ఆక్సిజన్‌ని తాగేస్తాయి. తొలి వానల తర్వాత అడయారు సముద్రంలో కలిసే చోట చేపలు చచ్చి తేలడం ఈ ఊరు ఒకటికి రెండుసార్లు చూసింది. ఆ రోజు రీడింగ్ చేజారకూడదని అందరికీ ఆరాటం. ఒడ్డున నిలబడే మనిషికి ప్రమాదం ఎక్కువుండేదీ ఆ రోజే. అందుకే సెప్టెంబరులోనే కూర్చుని తేల్చుకోవలసిన విషయాలు కొన్ని ఉన్నాయి.

మొదటిది, ఎక్కడ నీళ్లు పట్టాలన్నది. వేసవిలో మెట్లు దిగి సీసా ముంచిన చోటికి వానల్లో వెళ్లొద్దు. ఈ మూడు నెలలూ సైదాపేట, కోట్టూర్‌పురం లాంటి చోట్ల వంతెన మీంచి తాడు కట్టిన బకెట్‌తోనే పడదాం. తాడు చేతికి చుట్టుకోకండి. వరదలో గుర్రపుడెక్క పెద్ద పెద్ద దిబ్బలుగా కదిలి వస్తుంది, దానికి బకెట్ చిక్కుకుంటే లాగే బలం మామూలుగా ఉండదు. తాడు పిట్టగోడ కమ్మీకి కట్టండి, చిక్కుకుంటే వదిలేయండి. బకెట్ పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు. ఒకరు నీళ్లు లాగుతుంటే ఇంకొకరు వెనక వచ్చే బండ్లనే చూస్తుండాలి. ఇద్దరికీ మెరిసే పట్టీల జాకెట్ ఉండాలి. ఒక్కరే వెళ్లాల్సి వస్తే ఆ రోజు మానుకోండి.

రెండో సంగతికి ఈ ఊళ్లో చాలా పెద్ద మూల్యమే చెల్లించారు. మన నెత్తిన ఎండ కాస్తున్నా నది పొంగవచ్చు. ఎగువనున్న చెంబరంబాక్కం చెరువు పూర్తి మట్టం 24 అడుగులు. అది నిండుతోందంటే మిగులు నీళ్లు అడయారులోకే వదులుతారు. 2015 డిసెంబరు 1 రాత్రి అలా వదిలింది 29,000 క్యూసెక్కులు. దానికి తోడు పైనున్న చెరువులన్నీ పొంగి అదే నదిలో కలిశాయి. సైదాపేట, కోట్టూర్‌పురం ఇళ్లలోకి నీళ్లు ఎలా వచ్చాయో ఆ రోజులు చూసినవాళ్లు ఇప్పటికీ చెబుతారు. కాబట్టి బయల్దేరే ముందు చూడాల్సినవి రెండు: వాతావరణ శాఖ హెచ్చరిక, చెంబరంబాక్కం నీటిమట్టం. ఆరెంజ్ గానీ రెడ్ గానీ అలర్ట్ ఉన్నా, గేట్లు ఎత్తుతామని ప్రకటన వచ్చినా సంచీ సర్దొద్దు. ఒడ్డు దగ్గర ఉన్నప్పుడు నీళ్ల రంగు ఉన్నట్టుండి ఎర్రమట్టిలా మారినా, చెత్తా కొమ్మలూ గుంపుగా రావడం మొదలైనా సీసా మూత పెట్టడానికి కూడా ఆగకుండా పైకి వచ్చేయండి. మోకాలి లోతు నీళ్లే అయినా వేగంగా పారితే పెద్దమనిషినైనా పడేస్తాయి.

నది సముద్రంలో కలిసే చోట పనిచేసేవాళ్లకు ఆటుపోట్లు కూడా ఉన్నాయి. పట్టికలో టైమ్ చూసుకోండి, దానితో పాటు ఊరూర్ కుప్పంలో వలలు బాగుచేసుకుంటూ కూర్చునే పెద్దవాళ్లను ‘అయ్యా’ అని పలకరించి అడగండి. ఇసుక మేట ఎప్పుడు తెగుతుందో, ఎక్కడ కాలు దిగబడుతుందో వాళ్లకు తెలిసినట్టు ఏ పట్టికకూ తెలియదు.

ఇక జబ్బుల సంగతి. వరద నీళ్లలో ఎలుకల మూత్రం కలిసి ఉంటుంది. చిన్న గీత ఉన్నా చాలు, దాని గుండా లెప్టోస్పైరోసిస్, అంటే ఎలుక జ్వరం, పట్టుకుంటుంది. చేతికో కాలికో పుండు ఉంటే ఆ వారం రాసే పని తీసుకోండి, నీళ్ల పని వద్దు. మోచేతి దాకా వచ్చే రబ్బరు గ్లౌజులు, గట్టి అడుగున్న బూట్లు తప్పనిసరి. చెప్పులతో వచ్చినవాళ్లను వెనక్కి పంపడానికి మొహమాటపడొద్దు. ధనుర్వాతం టీకా ఎప్పుడు వేయించుకున్నారో ఇప్పుడే చూసుకోండి. ముందుజాగ్రత్త మాత్రలు కావాలా వద్దా అన్నది డాక్టరు చెప్పాలి, స్నేహితులు కాదు. నీళ్లు తగిలాక రెండు నుంచి ముప్ఫై రోజుల్లోపు జ్వరం, పిక్కల నొప్పి, కళ్లు ఎర్రబడటం కనిపిస్తే మామూలు జ్వరమని ఊరుకోవద్దు. ‘నేను నది నీళ్లలో పనిచేశాను’ అన్న మాట డాక్టరుకు మీరే చెప్పాలి. అది చెప్పకపోతే ఆయనకు ఆ అనుమానం రావడానికే ఆలస్యం కావచ్చు.

కూవం దగ్గర కుళ్లిన కోడిగుడ్డు వాసన అందరికీ అలవాటే. అది హైడ్రోజన్ సల్ఫైడ్. వంతెనల కింద మూసుకున్న చోట్లకు, కాలవ గొట్టాల నోళ్ల దగ్గరికి తల పెట్టొద్దు. వాసన ఒక్కసారిగా ఆగిపోతే గ్యాస్ పోయిందనుకోకండి. అది మరీ ఎక్కువైతే ముక్కే మొద్దుబారుతుంది.

నీళ్లలో కరిగిన ఆక్సిజన్‌ని కొలిచే కిట్ గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే కొత్తవాళ్లు అది ఆటబొమ్మ అనుకుంటారు. సీసాలో గాలిబుడగ లేకుండా నీళ్లు నింపి మొదటి రెండు ద్రావణాలు వేయగానే గోధుమ రంగు మడ్డి దిగితే ఆక్సిజన్ ఉన్నట్టు. పాల విరుగులా తెల్లగానే ఉండిపోతే దాదాపు లేనట్టు. స్నానానికి పనికొచ్చే నీళ్లలో లీటరుకు కనీసం 5 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉండాలని మన దేశ ప్రమాణం. ఆ తెల్ల మడ్డి చూస్తే ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది. ఆ తర్వాత వేసేది గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం. వాన చినుకుల్లో, జారే మెట్ల మీద దాని మూత తీయొద్దు. చదునైన నేల మీద కూర్చుని, కళ్లద్దాలు పెట్టుకుని వేయండి. పక్కన రెండు లీటర్ల మంచినీళ్లు సిద్ధంగా ఉంచండి. చర్మం మీద పడితే కంగారుపడి తుడవకుండా, ఆగకుండా నీళ్లు పోస్తూనే ఉండండి. పరీక్ష అయిపోయిన ద్రవాన్ని నదిలో పారబోయడం మనం చేయకూడని పని. వేరే డబ్బాలో పోసి పేరు రాసి ఏదైనా కాలేజీ కెమిస్ట్రీ ల్యాబ్‌కి అప్పగించండి.

2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వరదతో ఎన్నూరు వైపు నీళ్ల మీద నూనె తెట్టు కట్టింది. అలాంటిది కనిపిస్తే శాంపిల్ కోసం చేయి పెట్టకండి. దూరం నుంచి ఫొటో, టైమ్, చోటు రాసుకుని కార్పొరేషన్ 1913కి చెప్పండి. ప్రాణాపాయం అయితే 108. జిల్లా విపత్తు నంబరు 1077 కూడా ఫోన్లో వేసుకోండి.

వెళ్లలేని వారం పట్టికలో గడి ఖాళీగా వదలకండి, అంతకు ముందు వారం అంకె తెచ్చి నింపకండి. ‘రెడ్ అలర్ట్, శాంపిల్ తీయలేదు’ అని తేదీతో రాయండి. తర్వాత ఆ పట్టిక చదివేవాళ్లకు అది కూడా సమాచారమే. పిల్లలను డిసెంబరు చివరి దాకా ఒడ్డుకు తీసుకురావద్దు. ఉత్సాహం ఉన్నవాళ్లకు మేడ మీద వాన కొలిచే సీసా ఇవ్వండి. రోజూ ఒకే టైముకి కొలిచి రాస్తే, మన రీడింగుల పక్కన అదీ వేసుకుందాం.