లుక్లా విమానం ఎగరకపోతే గ్రూప్ ట్రెక్ ప్లాన్ ఎలా మార్చుకోవాలి?

హైదరాబాద్ నుంచి ఎవరెస్ట్ బేస్ క్యాంప్‌కి బయల్దేరే గ్రూపులు బూట్ల మీద నెల రోజులు చర్చిస్తాయి. నడక మొదలయ్యే లుక్లాకి విమానం ఎగరక ప్లాన్ తప్పితే ఏం చేయాలో మాత్రం ఐదు నిమిషాలు కూడా మాట్లాడుకోవు.

బూట్ల సంగతి ఒక్క ముక్కలో: ఇప్పటికే వేసుకుని నడిచినవి. జీన్స్ వద్దు. పల్లీపట్టీ తప్పనిసరి. పాస్‌పోర్టో ఓటరు కార్డో పెట్టుకోండి, నేపాల్ వెళ్లే విమానానికి ఆధార్ చాలదు. గ్రూపు ఎనిమిది మంది దాటకూడదు.

ప్రాక్టీస్ అంటే కబుర్లాడుతూ కేబీఆర్ పార్కు చుట్టి రావడం కాదు. వీపున నీళ్ల సీసాలతో అపార్ట్‌మెంట్ మెట్లు ఎక్కి, దిగండి. ట్రెడ్‌మిల్ వీరులకి దిగేటప్పుడు మోకాళ్లు ఏడుస్తాయి.

ఖాట్మండు నుంచి తిరుగు టికెట్ ట్రెక్ ముగిశాక రెండు మూడు రోజుల తర్వాతి తేదీకి కొనండి. లుక్లా రన్‌వే 527 మీటర్లే, మబ్బు కమ్మితే విమానం దిగదు. సీజన్లో చాలా విమానాలు రామెఛాప్ దగ్గరి మంథలి (మన మంథని కాదు) నుంచి ఎగురుతాయి. అంటే ఖాట్మండులో అర్ధరాత్రి జీపెక్కి నాలుగైదు గంటల ఘాట్ రోడ్డు. ఇన్సూరెన్స్ 6,000 మీటర్ల దాకా హెలికాప్టర్ రెస్క్యూకి వర్తించాలి.

అసలు తిప్పలు ఇక్కడే. రెండు రోజులు విమానం ఎగరలేదనుకోండి. ఎక్సెల్ షీట్ తయారుచేసినాయన లేచి, "నామ్చేలో ఓ రోజు, దింగ్‌బోచేలో ఓ రోజు ఊరికే కూర్చుంటున్నాం కదా, లేపేద్దాం" అంటాడు. లెక్క సరిపోతుంది, ఒళ్లు ఒప్పుకోదు. హైదరాబాద్ ఎత్తు 500 మీటర్ల పైచిలుకు. దారిలోని ఊళ్లు నామ్చే 3,440, దింగ్‌బోచే 4,410, బేస్ క్యాంప్ 5,364. 3,000 దాటాక పడుకునే చోటు ఎత్తు రోజుకి 500 మీటర్లకు మించి పెరగకూడదు. మూడు నాలుగు రోజులకోసారి అదే ఊళ్లో రెండో రాత్రి గడపాలి. పలచటి గాలికి ఊపిరి, రక్తం సర్దుకునేది అప్పుడే. జిమ్ బాడీకి మినహాయింపు లేదు.

కాబట్టి కోత పైనుంచి పెట్టాలి. దింగ్‌బోచేలో రెండు రాత్రులు ఉండి వెనక్కి తిరగండి, పోయిన రోజులు కలిసొస్తాయి. ఇంకా ఎక్కువ రోజులు పోతే దానికి కిందున్న తెంగ్‌బోచే చాలు. మఠం దగ్గర నిలబడితే అమా దబ్లామ్ శిఖరం, ఎవరెస్ట్ కొస రెండూ కనిపిస్తాయి. బేస్ క్యాంప్ నుంచి ఎవరెస్ట్ శిఖరమే కనిపించదు, చాలామందికి అక్కడికి పోయాకే తెలుస్తుంది!

ఈ ఒప్పందం ఇక్కడే, ఇరానీ చాయ్ తాగుతూ చేసుకోవాలి. అక్కడ చలిలో ఓటింగ్ పెడితే గట్టిగా అరిచినవాడిదే గెలుపు. గైడ్ చూసుకుంటాడంటారా? డబ్బు కట్టినవాళ్లు పట్టుబడితే ఆయన ఎంతకని కాదంటాడు?

రోజూ రాత్రి భోజనం దగ్గర ఒక్కొక్కర్నీ పేరుపెట్టి ఒంట్లో ఎలా ఉందో అడగండి. "బానే ఉన్నా అన్నా" అంటూ దాల్‌భాత్ కెలికేవాణ్ని నమ్మొద్దు. తలనొప్పి వచ్చిందంటే ఎత్తు పడలేదేమో, అది పోయేదాకా పైకి ఎక్కనివ్వకూడదు. మడమకి బొటనవేలు ఆనిస్తూ తిన్నగా నడవమంటే తూలాడా, అర్ధరాత్రైనా వెంటనే కిందికి దింపాలి. దిగేవాడితో ఒక పోర్టరు, గ్రూపులో ఒకరు వెళ్లాలి. ఆ ఒక్కరెవరో కూడా బయల్దేరేముందే రాసిపెట్టుకోండి, పైకెళ్లాక ఎవరూ చెయ్యెత్తరు.