చిరు రెక్కల పురుగుల సర్వే – మూడవ పాఠం: కొత్త ప్రాంతంలో తొలి నమోదు

గత పాఠంలో తెల్ల గుడ్డ కట్టి దీపపు ఎర పెట్టడం నేర్చుకున్నాము. బియ్యపు గింజంత పురుగు ఒకటి దొరికినప్పుడు, "ఇది ఈ ప్రాంతానికి కొత్తది" అని రాయడానికి ఏ ఆధారాలు కావాలో ఈసారి టమాటా ఆకులను తొలిచే టూటా అనే రెక్కల పురుగును ఉదాహరణగా తీసుకొని చూద్దాము.

పెరూ దేశపు నమూనాల ఆధారంగా కీటక శాస్త్రవేత్త మేరిక్ 1917లో వర్ణించిన ఈ జాతి 2006లో స్పెయిన్‌లో కనిపించింది. 2014లో మహారాష్ట్రలో బయటపడి, ఆ తరువాత మన టమాటా తోటలకూ పాకింది. టూటా అబ్సల్యూటా అన్న దీని శాస్త్రీయ నామాన్ని ఇటీవల థోరిమియా అబ్సల్యూటాగా మార్చారు కనుక, రెండు పేర్లు కనిపిస్తే రెండు పురుగులని అనుకోవద్దు.

రెక్కలు చాపితే దీని వెడల్పు సుమారు 1 సెంటీమీటరు. ముందు రెక్కలు బూడిద రంగులో నల్లని చుక్కలతో, మీసాలు పూసలు గుచ్చినట్టు ఉంటాయి. అయితే బంగాళాదుంపను తొలిచే పురుగు కూడా ఇదే కుటుంబానిది, చూపుకు దాదాపు ఇలాగే ఉంటుంది. లింగాకర్షక బుట్టలోకి (ఆడ పురుగు వాసనను ఎరగా పెట్టిన బుట్ట) మగ పురుగులే వస్తాయి, జిగురుకు అంటుకొని రెక్కల మీది పొలుసులు రాలిపోతాయి. అందుచేత బుట్టలో పడినదాన్ని నేను జాడగా మాత్రమే లెక్కిస్తాను, నమోదుగా కాదు.

జాడ దొరికాక తోటలోకి వెళ్లి, మచ్చ పడిన ఆకును కోసి ఎండకు ఎదురుగా పట్టుకొని చూడండి. టమాటా ఆకులనే తొలిచే మరో పురుగు, పాముపొడ ఈగ, చేసిన గీత సన్నగా మెలికలు తిరుగుతూ పోతుంది. టూటా తిన్నచోట రెండు పొరల మధ్య పచ్చదనం మొత్తం పోయి పలుచని కాగితపు సంచి వంటి వెడల్పాటి మచ్చ మిగులుతుంది. అందులో నల్లటి విసర్జన పేరుకొని ఉంటుంది, అదృష్టముంటే తల వెనుక సన్నని నల్ల పట్టీ ఉన్న లేత ఆకుపచ్చ లార్వా కదులుతూ కనిపిస్తుంది.

ఆ ఆకులను అడుగున మెత్తని కాగితం పరచిన డబ్బాలో ఉంచి, పైన పలుచని గుడ్డ బిగించండి. లార్వా రెక్కల పురుగుగా మారేదాకా, ఆకులు వాడితే తాజావి వేయండి. ఇలా పెంచిన పురుగుకు పొలుసు కూడా చెదరదు, అది ఏ మొక్క మీద బతికిందో కూడా రుజువవుతుంది. ఫ్రీజర్‌లో పెట్టి చంపి, అతి సన్నని సూదికి గుచ్చి, పొట్ట భాగాన్ని 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్‌లో నానబెట్టి జననాంగాలను సూక్ష్మదర్శినిలో పరీక్షించిన తరువాతే జాతి పేరు రాయాలి.

సూది కింద చీటీ లేని పురుగు ఎంత అరుదైనదైనా నమోదుకు పనికిరాదు. ఊరు, మండలం, జిల్లా, అక్షాంశ రేఖాంశాలు, సముద్రమట్టం నుంచి ఎత్తు, తేదీ, "టమాటా ఆకు నుంచి పెంచినది" అన్న మాట, సేకరించినవారి పేరు చెరగని సిరాతో అదే రోజు రాయండి. ఏమీ పడని రాత్రులను కూడా తేదీతో పుస్తకంలో రాసి ఉంచండి; పురుగు ఎప్పుడు వచ్చిందో రేపు ఎవరైనా తేల్చాలంటే ఆ ఖాళీ వరుసలే ఆధారం.

వచ్చే పాఠానికి ముందు మీ దగ్గరి తోటలో మచ్చలున్న పది ఆకులు కోసి, ఈగ తొలిచినవి, టూటా తిన్నవి వేరు చేసి, ప్రతి ఆకు ఫొటో తీసి ఉంచండి.