కంప్యూటర్‌లో ఫ్రేమ్ గ్రాబర్ బోర్డు: ఎంపిక, బిగింపు, వాడకం

కెమెరా, వీసీఆర్ లాంటి వాటి నుంచి వచ్చే వీడియోను కంప్యూటర్‌లోకి తీసుకునే కార్డే ఫ్రేమ్ గ్రాబర్ బోర్డు. దాన్ని స్లాట్‌లో బిగించడం పది నిమిషాల పని. ఆ తర్వాత బొమ్మ రాకపోవడం, వచ్చినా ఫ్రేములు డ్రాప్ కావడం (మధ్యమధ్యలో కొన్ని పోవడం), రంగులు వెలిసిపోయినట్టు ఉండటం లాంటి వాటితోనే రోజులు గడిచిపోతాయి. తీరా చూస్తే బోర్డులో లోపం ఉండేది అరుదు. వచ్చే సిగ్నల్‌కీ, బోర్డు కూర్చున్న స్లాట్‌కీ, సాఫ్ట్‌వేర్‌లో పెట్టిన ఫార్మాట్‌కీ పొత్తు కుదరకపోవడమే ఎక్కువసార్లు అసలు కారణం. అందుకే స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు కాగితం మీద చిన్న లెక్క వేసుకోవాలి.

కొనేముందు చూడాల్సినవి

ముందు మీ పరికరం ఏ సిగ్నల్ ఇస్తుందో తేల్చుకోండి. పాత వీసీఆర్, క్యామ్‌కార్డర్ అయితే కాంపోజిట్ లేదా ఎస్-వీడియో. రెండూ ఉంటే ఎస్-వీడియోనే వాడండి. అందులో వెలుగు, రంగు వేర్వేరు తీగల మీద వస్తాయి కాబట్టి రంగుల అంచుల్లో చుక్కలు పాకవు. కొత్త కెమెరాలు, గేమ్ కన్సోళ్లు హెచ్‌డీఎంఐ ఇస్తాయి. స్టూడియో కెమెరాలు ఎస్‌డీఐ, తనిఖీ పనులకు వాడే పారిశ్రామిక కెమెరాలు కెమెరా లింక్ లేదా కోయాక్స్‌ప్రెస్ ఇస్తాయి.

బీఎన్‌సీ (తిప్పి బిగించే గుండ్రటి) కనెక్టర్ చూసి మోసపోవద్దు. కాంపోజిట్‌కీ, ఎస్‌డీఐకీ, కొన్ని కోయాక్స్‌ప్రెస్ కెమెరాలకూ అదే ఉంటుంది. కేబుల్ చక్కగా ఎక్కుతుంది, బొమ్మ మాత్రం రాదు. మూడింటికీ 75 ఓమ్‌ల కేబులే కావాలి. అచ్చం అలాగే కనిపించే 50 ఓమ్‌ల కేబుల్ పొట్టి దూరానికి పనిచేసినట్టే ఉంటుంది, వేగం పెరిగితే మొరాయిస్తుంది.

తర్వాత లెక్క. వెడల్పు, ఎత్తు, పిక్సెల్‌కు బైట్లు, సెకనుకు ఫ్రేములు, ఈ నాలుగూ గుణిస్తే సెకనుకు ఎంత డేటా పారాలో తెలుస్తుంది. పాల్ (మన దగ్గర వాడిన పాత అనలాగ్ టీవీ పద్ధతి) వీడియోను వైయూవై2 అనే పిక్సెల్ ఫార్మాట్‌లో తీస్తే పిక్సెల్‌కు 2 బైట్లు. 720 × 576 × 2 × 25 అంటే సెకనుకు సుమారు 21 మెగాబైట్లు. పాత పీసీఐ బస్సు (కార్డులకూ మదర్‌బోర్డుకూ మధ్య డేటా నడిచే దారి) సిద్ధాంతరీత్యా 133 మెగాబైట్లు మోయగలదు కాబట్టి దీనికి చాలినంత. కాకపోతే ఆ బస్సును మిగతా పీసీఐ కార్డులన్నీ పంచుకుంటాయని మరవొద్దు. అదే 1080పీ, 60 ఫ్రేములైతే లెక్క 249 మెగాబైట్లకు పోతుంది. మొదటి తరం పీసీఐ ఎక్స్‌ప్రెస్‌లో ఒక్క లేన్ (డేటా నడిచే ఒక వరుస) సామర్థ్యం కాగితం మీద 250. ప్యాకెట్ల పైఖర్చు పోగా ఆ 249 అందులో పట్టదు. రెండో తరం లేన్ ఒక్కోటి 500 మోస్తుంది కాబట్టి ఈ పనికి సరిపోతుంది. 4కే, 60 ఫ్రేములు వైయూవై2లో తీయాలంటే 995 మెగాబైట్లు. రెండో తరంలో నాలుగు లేన్లు తప్పనిసరి. పిక్సెల్‌కు ఒకటిన్నర బైటు తీసుకునే ఎన్‌వీ12కు మారితే అదే వీడియో 746కు దిగుతుంది.

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. మదర్‌బోర్డు మీద పొడవాటి ఎక్స్16 స్లాట్ ఉన్నంత మాత్రాన అందులో 16 లేన్లు ఉన్నట్టు కాదు. రెండోదో మూడోదో అయిన పొడుగు స్లాట్‌లో తరచూ నాలుగు లేన్లకే తీగలు ఉంటాయి. ఒక్కోసారి ఎం.2 స్లాట్‌లో ఎస్‌ఎస్‌డీ పెట్టగానే పక్క స్లాట్ లేన్లు తగ్గిపోతాయి, లేదా పూర్తిగా ఆగిపోతాయి. ఈ సంగతి స్లాట్ మీద రాసి ఉండదు, మదర్‌బోర్డు మాన్యువల్‌లో ఉంటుంది. ఎక్స్1 కార్డును ఎక్స్4లోనో ఎక్స్16లోనో పెట్టొచ్చు, ఇబ్బందేమీ ఉండదు.

మూడోది డ్రైవర్. మీ ఆపరేటింగ్ సిస్టమ్‌కు 64-బిట్ డ్రైవర్ ఉందో లేదో కొనకముందే చూడండి. సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరికే పాత అనలాగ్ కార్డుల్లో చాలావాటికి అది ఉండదు. బీటీ878 చిప్ ఉన్న పాత కార్డులు లైనక్స్‌లో కెర్నల్ డ్రైవర్‌తోనే నడుస్తాయి కాబట్టి వాటిని పారేయక్కర్లేదు.

బిగించడం

కంప్యూటర్‌ను షట్‌డౌన్ చేసి, పవర్ కేబుల్ ఊడదీయండి. షట్‌డౌన్ ఒక్కటే చాలదు. ప్లగ్ గోడకు ఉన్నంతసేపూ మదర్‌బోర్డులో స్టాండ్‌బై కరెంటు ఉంటుంది. కేబుల్ తీశాక పవర్ బటన్‌ను ఐదారు సెకన్లు నొక్కి పట్టుకుంటే మిగిలిన ఛార్జ్ కూడా పోతుంది. యాంటీ స్టాటిక్ రిస్ట్ స్ట్రాప్ ఉంటే సరే, లేకపోతే క్యాబినెట్‌లో పెయింట్ లేని లోహాన్ని తాకి, పని జరిగినంతసేపూ మధ్యమధ్యలో తాకుతూ ఉండండి.

గ్రాఫిక్స్ కార్డు ఫ్యాన్లకు ఎదురుగా ఉన్న స్లాట్‌ను వీలైతే వదిలేయండి. హెచ్‌డీఎంఐ, కోయాక్స్‌ప్రెస్ బోర్డులు బాగానే వేడెక్కుతాయి, వాటికి గాలి ఆడాలి. ఎంచుకున్న స్లాట్ వెనక ఉన్న రేకు తీసేసి, బోర్డును అంచుల దగ్గర పట్టుకుని, బంగారు రంగు కాంటాక్టులను వేళ్లతో తాకకుండా నిటారుగా దించండి. ముందు వైపు, వెనక వైపు ఒకే బలంతో నొక్కాలి. సరిగ్గా కూర్చున్నాక స్లాట్ పై అంచుకు సమాంతరంగా కాంటాక్టుల పైభాగం సన్నని గీతలా, రెండు కొసల్లోనూ ఒకే మందాన కనిపిస్తుంది.

స్క్రూ బిగించాక ఆ గీతను మళ్లీ చూడండి. బ్రాకెట్ కాస్త వంకరగా ఉంటే, స్క్రూ బిగుస్తున్న కొద్దీ బోర్డు రెండో కొస స్లాట్‌లోంచి వెంట్రుకవాసి పైకి లేస్తుంది. కంప్యూటర్ ఆన్ అవుతుంది, కార్డు ఒకసారి కనిపిస్తుంది, ఇంకోసారి మాయమవుతుంది. అలా అయితే స్క్రూ వదులు చేసి, బ్రాకెట్ కింది నాలుక మదర్‌బోర్డుకూ క్యాబినెట్‌కూ మధ్య ఉన్న సందులోకి దిగిందో లేదో చూసి, మళ్లీ బిగించండి.

కేబుల్ ద్వారానే కెమెరాకు కరెంటు ఇచ్చే కోయాక్స్‌ప్రెస్ బోర్డులకు సాధారణంగా విడిగా పవర్ కనెక్టర్ ఉంటుంది. ఒక్కో కేబుల్ మీద 24 వోల్టుల్లో 13 వాట్ల దాకా ఇవ్వాలి కాబట్టి స్లాట్ నుంచి వచ్చే కరెంటు మీదే ఆధారపడదు. దాన్ని కలపడం మరిచిపోతే బోర్డు డ్రైవర్‌కు కనిపిస్తుంది, కెమెరా లైటు మాత్రం వెలగదు.

డ్రైవర్

తయారీదారు మాన్యువల్‌లో డ్రైవర్ ముందా బోర్డు ముందా అన్నది చూసి ఆ వరుసే పాటించండి. వేసిన తర్వాత విండోస్‌లో డివైస్ మేనేజర్ తెరవండి. పసుపు గుర్తు కనిపిస్తే దాని ప్రాపర్టీస్‌లో ఉన్న కోడ్ చదవండి, అది చాలా సంగతి చెబుతుంది. కోడ్ 28 అంటే డ్రైవర్ అసలు పడలేదు. కోడ్ 52 అంటే డ్రైవర్ డిజిటల్ సంతకాన్ని విండోస్ ఒప్పుకోలేదు, కాబట్టి కొత్త వెర్షన్ వెతకాలి. కోడ్ 12 అంటే బోర్డుకు కావలసిన మెమరీ చిరునామాలు దొరకలేదు. అప్పుడు బయాస్‌లో ‘అబోవ్ 4జీ డీకోడింగ్’ సెట్టింగ్ మార్చి చూడండి. పసుపు గుర్తు కాదు కదా, బోర్డు పేరే ఎక్కడా లేకపోతే డ్రైవర్ జోలికి పోకుండా కంప్యూటర్ ఆపి స్లాట్ మార్చండి.

డ్రైవర్ బాగానే ఉండి, సాఫ్ట్‌వేర్‌లో ఏమీ రాకపోతే రెండు చోట్ల చూడాలి. విండోస్ ప్రైవసీ సెట్టింగ్స్‌లో డెస్క్‌టాప్ యాప్‌లకు కెమెరా, మైక్రోఫోన్ అనుమతి ఉందా? వెనకాల ఇంకో ప్రోగ్రామ్ బోర్డును పట్టుకుని కూర్చుందా? చాలా బోర్డులు ఒకసారికి ఒక్క ప్రోగ్రామ్‌కే బొమ్మ ఇస్తాయి.

మొదటి బొమ్మ

ఓబీఎస్ స్టూడియో అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో ‘వీడియో క్యాప్చర్ డివైస్’ సోర్స్ చేర్చి బోర్డును ఎంచుకోండి. రిజల్యూషన్, ఫ్రేమ్ రేటు, ఫార్మాట్‌లను ఆటోమేటిక్‌కు వదిలేయకుండా సోర్స్ ఇచ్చేదే చేత్తో పెట్టండి.

హెచ్‌డీఎంఐలో నల్లటి తెర వస్తే మొదటి అనుమానం హెచ్‌డీసీపీ మీదే. కాపీ రక్షణ ఉన్న సిగ్నల్‌ను బోర్డు చూపించదు. కొన్ని గేమ్ కన్సోళ్ల సెట్టింగ్స్‌లో దాన్ని ఆపే వీలుంది. సినిమా ప్లేయర్లలో సాధారణంగా ఉండదు. కెమెరా నుంచి తీస్తుంటే బ్యాటరీ గుర్తు, ఫోకస్ చతురస్రం కూడా రికార్డయిపోతాయి. కెమెరా మెనూలో హెచ్‌డీఎంఐ సమాచార ప్రదర్శన ఆపండి.

కాంపోజిట్‌లో తెల్లని భాగాలన్నీ తేలిపోయి, సింక్ (బొమ్మను నిలకడగా ఉంచే సంకేతం) కూడా ఊగుతుంటే టర్మినేషన్ చూడండి. లైన్ చివర 75 ఓమ్‌ల రెసిస్టెన్స్ ఉంటేనే సిగ్నల్ 1 వోల్టు ఉంటుంది. అది లేకపోతే దాదాపు 2 వోల్టులకు పెరుగుతుంది. టీ కనెక్టర్‌తో మానిటర్‌కూ గ్రాబర్‌కూ ఒకే లైన్ ఇచ్చి రెండు చోట్లా టర్మినేషన్ ఆన్‌లో ఉంచితే మూడింట రెండు వంతులకు పడిపోయి బొమ్మ మసకబారుతుంది. చివరి పరికరంలో మాత్రమే ఆన్‌లో ఉండాలి. బొమ్మ మీద అడ్డంగా వెడల్పాటి పట్టీలు మెల్లగా పైకో కిందికో జరుగుతుంటే అది గ్రౌండ్ లూప్. పరికరాలన్నింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు మీదికి తెచ్చి చూడండి. అప్పటికీ పోకపోతే వీడియో గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ పెట్టాలి. ఎర్త్ పిన్ తీసేస్తే పట్టీలు పోతాయని ఎవరైనా సలహా ఇస్తే వినకండి, ప్రాణం మీదికి వస్తుంది.

రంగుల్లో తేడా చాలావరకు రేంజ్ సెట్టింగ్ వల్లే వస్తుంది. వీడియో సిగ్నల్‌లో నలుపు 16, తెలుపు 235 దగ్గర ఉండటం మామూలు. దాన్ని 0 నుంచి 255గా చదివితే నలుపు బూడిద రంగులో, బొమ్మంతా పొగ పట్టినట్టు ఉంటుంది. తిరగబడితే నల్లటి జుట్టు, నీడలు అన్నీ కలిసి ఒక మచ్చలా అతుక్కుపోతాయి. బ్రైట్‌నెస్ తిప్పుతూ సరిచేసుకోవడం దండగ. కలర్ రేంజ్‌ను ఫుల్, లిమిటెడ్ రెండూ మార్చి చూడండి. కలర్ స్పేస్ విషయంలో మామూలు పాల్ వీడియోకు 601, హెచ్‌డీకి 709 ఎంచుకోండి.

పాత టేపులు తీసేవాళ్లకు ఇంకో మాట. పాల్‌లో సెకనుకు 25 ఫ్రేములే అయినా ఒక్కో ఫ్రేమ్‌లో రెండు ఫీల్డులు (ఒకటి విడిచి ఒకటిగా ఉన్న గీతల సగాలు) ఉంటాయి. అందుకే ప్రివ్యూలో కదిలే చెయ్యి అంచున దువ్వెన పళ్లలా గీతలు కనిపిస్తాయి. అది లోపం కాదు, రికార్డు అలాగే చేయండి. పూర్తి 576 గీతల ఎత్తు ఉంచి, డీఇంటర్‌లేస్ (ఆ గీతలు పోయేలా ఫీల్డులను సరిచేయడం) తర్వాత చేసుకోవచ్చు. రికార్డింగ్‌లోనే ఎత్తు తగ్గిస్తే రెండు ఫీల్డులూ కలగలిసిపోతాయి, మళ్లీ విడదీయలేరు.

ఫ్రేములు డ్రాప్ అవుతుంటే

రికార్డ్ నొక్కకుండా ప్రివ్యూ మాత్రమే ఐదు నిమిషాలు నడిపి డ్రాప్ లెక్క చూడండి. ప్రివ్యూలో సున్నా ఉండి రికార్డింగ్‌లో పెరిగితే తప్పు డిస్కుదో ఎన్‌కోడర్‌దో (వీడియోను కుదించే భాగానిదో). ప్రివ్యూలోనే పడుతుంటే సిగ్నల్‌దో స్లాట్‌దో.

డిస్కు సంగతి: పాల్ వీడియో కంప్రెషన్ లేకుండా గంటకు దాదాపు 75 గిగాబైట్లు. ఎఫ్‌ఎఫ్‌వీ1, హఫ్‌వైయూవీ లాంటి నష్టం లేని కోడెక్‌లతో ఇది బాగా తగ్గుతుంది, నాణ్యత పోదు. ఫ్యాట్32 డిస్కులో ఫైలు 4 గిగాబైట్లు దాటదు కాబట్టి కంప్రెషన్ లేని రికార్డింగ్ మూడున్నర నిమిషాలకే ఆగిపోతుంది. ఎన్‌టీఎఫ్‌ఎస్ వాడండి. ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న డ్రైవ్ కాకుండా వేరే డ్రైవ్ మీదికి రాయండి. ఆ ఫోల్డర్‌ను యాంటీవైరస్ తనిఖీ నుంచి మినహాయించండి. ఓబీఎస్‌లో ఎంకేవీలో రికార్డు చేస్తే మధ్యలో కరెంటు పోయినా అప్పటిదాకా తీసింది దక్కుతుంది. మామూలు ఎంపీ4 అయితే ఫైలంతా తెరుచుకోకుండా పోవచ్చు.

స్లాట్ సంగతి: విండోస్ పవర్ ఆప్షన్స్‌లో పీసీఐ ఎక్స్‌ప్రెస్ కింద ‘లింక్ స్టేట్ పవర్ మేనేజ్‌మెంట్’ ఆఫ్ చేయండి. బోర్డు ఎన్ని లేన్లతో, ఏ తరం వేగంతో కలిసిందో హెచ్‌డబ్ల్యూఇన్ఫో లాంటి టూల్‌లో చూడండి. నాలుగు లేన్ల బోర్డు ఒక లేన్‌తోనే కలిసి ఉంటే స్లాట్ తప్పుదై ఉండాలి, లేదా బోర్డు సరిగ్గా కూర్చోలేదు.

టేపు నుంచి తీసేటప్పుడు కొన్ని చోట్లే, ప్రతిసారీ అక్కడే పడుతుంటే అది టేపు సిగ్నల్ ఊగుతున్న గుర్తు. కంప్యూటర్ మార్చినా లాభం లేదు. వీసీఆర్‌కూ బోర్డుకూ మధ్య టైమ్ బేస్ కరెక్టర్ (ఊగే సిగ్నల్‌ను నిలకడ చేసే పరికరం) పెట్టాలి.

మాట, పెదవులు విడిపోతే ముందు ఆ తేడా స్థిరమా, పెరుగుతోందా చూడండి. మొదటి నిమిషంలోనూ చివర్లోనూ ఒకే తేడా ఉంటే ఓబీఎస్ ఆడియో సెట్టింగ్స్‌లో సింక్ ఆఫ్‌సెట్ మిల్లీసెకన్లలో ఇస్తే సరి. పోనుపోను పెరుగుతుంటే బొమ్మ బోర్డు గడియారంతో, శబ్దం కంప్యూటర్ సౌండ్ కార్డు గడియారంతో నడుస్తున్నాయని అర్థం. శబ్దాన్ని కూడా గ్రాబర్ బోర్డు ఇన్‌పుట్‌కే ఇవ్వండి. శాంపిల్ రేటు అన్ని చోట్లా 48 కిలోహెర్ట్జ్ ఉండాలి.

పారిశ్రామిక కెమెరాలతో

కెమెరా లింక్‌లో బేస్ అనే స్థాయి గరిష్ఠంగా సెకనుకు 255 మెగాబైట్లు, ఒకే కేబుల్. మీడియం, ఫుల్ అయితే రెండు కేబుళ్లు. అవి తారుమారైతే బొమ్మ రాదు, వచ్చినా చెత్తగా ఉంటుంది. బొమ్మ నిలువు చారలుగా విడిపోయి, చారలు స్థానాలు మారినట్టు కనిపిస్తే కేబుళ్లు సరిగ్గానే ఉన్నాయి, కెమెరా ట్యాప్ (బొమ్మను ఒకేసారి ముక్కలుగా పంపే దారులు) అమరికా బోర్డు ట్యాప్ అమరికా వేరుగా ఉన్నాయి.

ట్రిగ్గర్ (బొమ్మ ఎప్పుడు తీయాలో చెప్పే) తీగ కలిపే ముందు బోర్డు ఇన్‌పుట్ ఎన్ని వోల్టులు ఓర్చుకుంటుందో చదవండి. పీఎల్‌సీ (యంత్రాలను నడిపే కంట్రోలర్) ఇచ్చేది సాధారణంగా 24 వోల్టులు. 5 వోల్టుల టీటీఎల్ ఇన్‌పుట్‌కు అది నేరుగా ఇస్తే ఆ ఇన్‌పుట్ కాలిపోతుంది.

బఫర్లు (వచ్చిన ఫ్రేములను తాత్కాలికంగా ఉంచే మెమరీ చోట్లు) కనీసం మూడు పెట్టండి. ఒక్కటే ఉంటే మీ ప్రోగ్రామ్ ఫ్రేమ్‌ను చదువుతుండగానే బోర్డు తర్వాతి ఫ్రేమ్‌ను దాని మీదే రాసేస్తుంది. బొమ్మ పై సగంలో కొత్త వస్తువు, కింది సగంలో పాత వస్తువు కనిపిస్తే ముందు బఫర్ల సంఖ్య చూడండి. ప్రాసెసింగ్ ఒక్కోసారి ఆలస్యమయ్యే ప్రోగ్రామైతే పది దాకా పెంచినా తప్పులేదు. అయితే సగటు ప్రాసెసింగ్ సమయమే ఫ్రేముల మధ్య వ్యవధిని మించితే ఎన్ని బఫర్లు పెట్టినా నిండిపోతాయి. అప్పుడు ఫ్రేమ్ రేటు తగ్గించడమో, కెమెరాలో అవసరమైన భాగాన్ని మాత్రమే ఎంచుకోవడమో చేయాలి.